చోడవరం వానల మీద కామేశం గారి సంతకం

ఆ రోజుల్లో చోడవరంలో కామేశం అనే పేరు గలవాళ్ళు ముగ్గురుండేవారు. ఒకాయనకి బియ్యం కొట్టుంది, ఒకాయనకి మేడ ఉంది. మూడో ఆయనకి ఏమీ లేదు గనక, గుర్తు కోసం ఊరివాళ్ళు ఆయనకి ఆకాశాన్ని కేటాయించారు. ఆయన వానల కామేశం.

సర్కారు వారి ఆఫీసుల్లో ఒకానొకదాంట్లో ఆయన గుమస్తా. అది ఏ శాఖో చెప్పుకోనక్కర్లేదు. ఆ ఆఫీసు పెరట్లో వానని కొలిచే పరికరం ఒకటుందన్న సంగతి ఆ శాఖే మరిచిపోయి చాలా ఏళ్ళయింది. పరికరమంటే పెద్దదేం కాదు. సిమెంటు దిమ్మ మీద ఇత్తడి గరాటు, దాని కింద సీసా. పడిన వాన గరాటులోంచి సీసాలోకి దిగుతుంది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ నీళ్ళని గీతలున్న గాజు గ్లాసులోకి వంచి కొలవాలి. గ్లాసు నిండితే పది మిల్లీమీటర్లు. కొలిచింది పారబోసి, మళ్ళీ నింపి, మళ్ళీ కొలవాలి. వచ్చిన అంకెని రిజిస్టర్లో ఎక్కించి, పక్కన సంతకం చేసి, నెలాఖరుకి పైకి పంపాలి. ఇంతకు మించి బాధ్యత గల ఉద్యోగం ఈ భూమ్మీద ఇంకొకటి లేదని కామేశం అభిప్రాయం. ఆ అభిప్రాయంతో ఏకీభవించేవాళ్ళు ఇంట్లో కూడా దొరకలేదు.

"కొలిచే అధికారి స్వయముగా కొలవవలెను" అని నిబంధనల పుస్తకంలో ఉంది. కామేశానికి ఆ వాక్యమంటే అపారమైన గౌరవం. దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీశాడు. అయితే ఆయనది పడిశం తత్త్వం. నెత్తిన నాలుగు చినుకులు పడితే నలభై తుమ్ములు తుమ్మేవాడు. అందుచేత వాన పడ్డ రోజుల్లో ఆయన కిటికీ రెక్క ఓరగా మూసి, లోపల మఫ్లరు చుట్టుకుని రిజిస్టరు ముందు కూర్చునేవాడు. పెరట్లో బంట్రోతు కొలిచి, అంకె కేకేసేవాడు. ఆకాశానికీ రిజిస్టరుకీ మధ్య ఉన్న ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది లేకుండా చాలా కాలం నడిచింది.

1969 జూలైలో ముసలి బంట్రోతు దాసు రిటైరయ్యాడు. ఆ నెలలోనే ఇద్దరు మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టారు. ఆ నెలలోనే దాసు జాగాలో పరదేశి ఆఫీసు పెరట్లో కాలు పెట్టాడు. మొదటిది రేడియోలో చెప్పారు. రెండోది ఎవరూ చెప్పలేదు.

పరదేశి వడ్డాది దగ్గరి రైతు కుటుంబంవాడు. ముప్ఫయ్యేళ్ళ మనిషి. చెయ్యి వణకదు, మాట ఎక్కువుండదు. మొదటి రోజు కామేశం అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, గాజు గ్లాసు చేతికిచ్చి, దీక్ష ఇచ్చినంత గంభీరంగా చెప్పాడు.

"ఒరే పరదేశీ, ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. కొలవడమంటే పద్ధతి ప్రకారం కొలవాలి."

"కొలత నాకు తెల్దేటి బాబూ? మా తాతకాణ్ణించీ కళ్ళంలో ధాన్యం కొలిసినోళ్ళం. నాను కుంచం పట్టేనంటే గింజ కింద రాల్దు."

"పద్ధతి తప్పకూడదు మరి."

"పానం పోయినా తప్పను బాబూ."

ఇచ్చిన మాట పరదేశి అక్షరాలా నిలబెట్టుకున్నాడు. చోడవరం వానలకి పట్టిన దశ అక్కడే మొదలైంది.

ఆ ఏడు వానలు తగ్గాయి. మొదట కామేశం పట్టించుకోలేదు. ఆకాశానికి కూడా ఒక ఏడు సెలవు పెట్టుకునే హక్కు ఉంటుందనుకున్నాడు. మరుసటేడు కూడా తగ్గాయి. ఆ పైయేడూ అంతే. ఏటా వెయ్యికి పైన పడే మిల్లీమీటర్లు ఐదొందలు, ఆరొందలు దాటడం మానేశాయి. వాన పడిన రోజున కూడా రిజిస్టర్లో తరచు 'నిల్' పడుతూండేది. కామేశం ముఖంలో దిగులు పెరిగింది. దిగులుతోపాటు ఊళ్ళో పలుకుబడి కూడా పెరిగింది. వానలు బాగున్నంత కాలం వానల గుమస్తాని ఎవరు అడుగుతారు? ఇప్పుడు ఆయన బజార్లోకి వస్తే నలుగురు ఆపి అడిగేవారు. పొలంలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ రైతు సైతం గట్టు మీద పోయే కామేశాన్ని కేకేసి, "రేత్రి ఎంత పడిందేటి బాబూ?" అని అడిగి, "పధ్నాలుగే" అని విని, "అదే అనుకున్నాను, వానలో సత్తువ లేదు" అని నిట్టూర్చేవాడు. సర్కారు అంకెకీ సొంత మోకాలికీ తేడా వస్తే మోకాలినే అనుమానించే సంస్కారం అప్పటికింకా జనంలో ఉంది.

ఆ సంస్కారం లేని మనిషి ఒక్కర్తే. ఆవిడ కామేశం భార్య విశాలాక్షి.

"ఏమండీ, నాలుగు రోజులై దండెం మీద చీరలు ఆరటం లేదు."

"ఈ నాలుగు రోజుల్లో పడింది మొత్తం పదమూడు మిల్లీమీటర్లే."

"మరి ఈ తడెక్కడిది?"

"రికార్డు ప్రకారం అవి నిన్ననే ఆరిపోయాయి."

విశాలాక్షి తడిచీర కొసని ఆయన చేతిమీద పిండి చూపించింది. కామేశం చెయ్యి తుడుచుకుని, ఒక ఇంటి దండేన్ని బట్టి తాలూకా వాతావరణాన్ని నిర్ణయించకూడదని ఓర్పుగా వివరించాడు.

ఇలా ఏడేళ్ళు గడిచాక, 1976 జూలైలో, వాల్తేరు నుంచి గణపతిరావు అనే యువకుడు బస్సు దిగాడు. లెక్చరరు. మనుషుల ఆచారాలనీ నమ్మకాలనీ చదివే శాస్త్రం ఆయనది. చేతిలో ప్రశ్నల కాగితాల కట్ట, మెడలో కెమెరా. తిన్నగా కామేశం కిటికీ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. కామేశం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. నమస్కారం తనకే.

"కామేశం గారూ, మీ రిజిస్టరు కాపీలు చూశాక నాకు నిద్ర పట్టలేదండీ. మాడుగులలో వాన తగ్గలేదు, వడ్డాదిలో తగ్గలేదు. మీ చోడవరంలో మాత్రం సగానికి సగం పడిపోయింది. అదీ 1969 జూలై నుంచి, కత్తితో కోసినట్టు. అసలిక్కడ ఏం జరిగిందండీ?"

"చంద్రుడి మీద మనిషి కాలు పెట్టేడనీ, అందుకే వానలు పోయాయనీ ఊళ్ళో అంటూంటారు," అన్నాడు కామేశం, తను మాత్రం అనడం లేదని తెలిసేలా.

"చంద్రుడు మాడుగుల మీద కూడా ఉన్నాడు కదండీ?"

"ఉన్నాడు. ఇంత నిక్కచ్చిగా కొలిచేవాళ్ళు అక్కడ ఉండాలి కదా."

గణపతిరావు తన పరిశోధన సంగతి చెప్పాడు. మనిషి చేసే పనుల వల్ల ఆకాశం తీరు మారుతుందా అని పెద్దపెద్ద దేశాల్లో చర్చ మొదలైందట. మారుతుంది సరే, ఏ మనిషి వల్ల మారిందని జనం అనుకుంటున్నారు, ఆ అనుకోవడంలో ఎవరి మీద ఎవరు నింద వేస్తున్నారు, అది ఆయనకి కావాలట. చుట్టుపక్కల ఊళ్ళు తిప్పి చూపించమని కామేశాన్ని బతిమాలాడు. కామేశం సెలవు పెట్టాడు; రోజూ ఎనిమిదిన్నర కొలత అయ్యాకే బయల్దేరేవారు. ఆయన గొడుగు కింద నడిచాడు, లెక్చరరు పక్కన నడిచాడు, కాగితాల కట్ట మోస్తూ పరదేశి వెనక నడిచాడు.

రోలుగుంటలో పెదబాబు అనే చెరుకు రైతు గట్టు మీద దొరికాడు. ప్రశ్న అడగడమే ఆలస్యం.

"ఇంకేటి కారణం బాబూ? కొండమీద అడివి కొట్టేస్తన్నారు. మబ్బు కూకోడానికి సెట్టు నేదు. ఎంతసేపని నిలబడుద్ది? కాళ్ళు పీకి ఎల్లిపోతంది."

"మీ బెల్లం పొయ్యిలోకి కట్టెలు ఎక్కణ్ణించి వస్తాయి?" అన్నాడు గణపతిరావు.

"కొండమీంచే."

"మరి..."

"మేం కొట్టలేదు కదా బాబూ. తెచ్చినోడి కాడ తీసుకున్నాం."

మాడుగులలో హల్వా పొట్లం విప్పుతూ, కొండ దిగొచ్చిన ఒక కట్టెల మోపువాణ్ణి అడిగారు. "తీసుకునీవోళ్ళు నేకపోతే మేం ఎందుకు కొడతాం? ఆళ్ళ బెల్లం పొయ్యిల పొగ సూసేరా? ఆ గాటుకి మబ్బు కళ్ళు మండి పారిపోతంది," అన్నాడతను. వడ్డాది సంతలో వంకాయలమ్మే నూకరత్నమ్మకి ఈ రెండు వాదాలూ నచ్చలేదు.

"అడివీ కాదు, పొగా కాదు. ఆడగుంటలు సైకిళ్ళు తొక్కేస్తన్నారు! ఇంక వానెలాగొస్తది?"

"మీ అమ్మాయి తొక్కదా?"

"తొక్కుద్ది," అంది నూకరత్నమ్మ, తూకం రాయి సర్దుతూ. "నెమ్మదిగా తొక్కుద్ది."

పది రోజుల్లో రెండు వందల పన్నెండు మందిని అడిగారు. ప్రతిచోటా కామేశం తలపంకిస్తూ విన్నాడు. వీళ్ళకి శాస్త్రదృష్టి లేదని లెక్చరరు చెవిలో చెప్పాడు. కామేశం సొంత సిద్ధాంతం వేరే ఉంది. ప్రజల్లో క్రమశిక్షణ పోయింది, అందుకే వానలు పోయాయి. ఎవరి క్రమశిక్షణ అని లెక్చరరు అడిగితే, సాధారణంగా ప్రజల్ది అన్నాడు.

వెళ్ళే ముందు గణపతిరావు ఒక మాట చెప్పి కామేశం గుండెలో దీపం పెట్టాడు. ఆగస్టులో వాల్తేరులో సదస్సు ఉంది. చోడవరం రిజిస్టరే దానికి ఆధారం. రిజిస్టరుతో సహా కామేశం గారు వచ్చి వేదిక మీద కూర్చోవాలి. అచ్చు వేసే పత్రంలో మొదటి పుటలో ఆయన పేరుంటుంది.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన పేరు రెండుసార్లే అచ్చయింది. ఒకటి శుభలేఖలో, రెండోది ఓటర్ల జాబితాలో. అందులోనూ 'కామేశ్వరి, స్త్రీ' అని పడింది. విశాఖపట్నంలో ఇద్దరు బావమరుదులు. పెద్దాయన డాక్టరు, చిన్నాయన ఇంజనీరు. నలుగురిలో ఆయన్ని పరిచయం చెయ్యవలసి వస్తే ఇద్దరూ ఒక్కటే మాట అనేవారు: "మా బావగారండీ. వానలు చూసుకుంటాడు." ఆ మాట తర్వాత చిన్న దగ్గు దగ్గేవారు. విశాలాక్షి ఆ సాయంత్రమే ఇద్దరికీ కార్డులు రాసింది, ముందు వరసలో కూర్చోవాలని. కామేశం పెట్టెలోంచి పట్టుకండువా తీసి ఎండలో వేశాడు. ఎండ లేదు. అయినా వేశాడు.

సదస్సుకి నాలుగు రోజుల ముందు గణపతిరావు మళ్ళీ వచ్చాడు. పత్రంలో వెయ్యడానికి కామేశం వానని కొలుస్తూండగా ఒక ఫొటో కావాలన్నాడు. ఆకాశం కూడా ఫొటో సంగతి విన్నట్టు తెల్లవారుతూనే కుమ్మరించి వెలిసింది, ఇంకా తుంపర పడుతోంది. తప్పదు. కామేశం మఫ్లరు రెండు చుట్లు చుట్టి, గొడుగు వేసుకుని, ముందు జాగ్రత్తగా రెండు తుమ్ములు తుమ్మి, ఏడేళ్ళలో మొదటిసారి వానపొద్దున పెరట్లోకి దిగాడు.

"ముందు మీ మనిషి మామూలుగా చేసేది చెయ్యనివ్వండి. తర్వాత మీరు గ్లాసు పట్టుకుందురు గాని," అన్నాడు గణపతిరావు కెమెరా సర్దుకుంటూ.

పరదేశి చెప్పులు విడిచాడు. సీసా తీసి గ్లాసు నిండా వంచాడు. నిండిన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడ వారకి నడిచాడు. అక్కడ పసుపు రాసిన రాయి ఒకటుంది. వాన లేని రోజుల్లో కిటికీలోంచి ఏడేళ్ళుగా చూస్తూ కామేశం దాన్ని సర్వే రాయి అనుకుంటున్నాడు. సర్వే రాయికి బొట్టెందుకన్న అనుమానం ఒకసారి వచ్చింది గాని, అది తన సెక్షను కాదని ఊరుకున్నాడు. పరదేశి కళ్ళు మూసుకుని, గ్లాసుడు వానా ఆ రాయి మీద పోసి, మూడుసార్లు లెంపలు వేసుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ నింపాడు. "ఒకటి," అన్నాడు. పారబోసి మళ్ళీ వంచాడు. "మీద నాలుగు గీతలు. పధ్నాలుగు బాబూ, రాసుకోండి."

"ఆగాగు!" గణపతిరావు గొంతు ఆనందంతో పీలబోయింది. "ఇందాకటిదేమిటి?"

"ఏది బాబూ?"

"రాయి మీద పోసింది!"

"అది నూకాలమ్మ తల్లిది."

లెక్చరరు కళ్ళు మెరిశాయి. తడినేల మీదే గొంతుక్కూర్చుని పుస్తకం విప్పాడు. ఆ అమ్మవారికి జాతర ఎప్పుడు, రాయి ఎక్కణ్ణించి తెచ్చాడు, పసుపు ఎవరు రాశారు, చెప్పులు ఎందుకు విడిచాడు, ఈ విధి తండ్రి నేర్పాడా తాత నేర్పాడా. నాలుగు పేజీలు నిండాయి. రీలంతా అయిపోయింది, ఒక్క ఫొటోలోనూ కామేశం లేడు. పోసిన గ్లాసు లెక్కలోకి వస్తుందా రాదా అన్న ప్రశ్న ఒక్కటే ఆయన అడగలేదు. మనుషుల శాస్త్రంలో ఆ ప్రశ్న లేదు కాబోలు. అమూల్యమైన సమాచారం దొరికిందని ఇద్దరికీ దండం పెట్టి, పదిన్నర బస్సుకి పరిగెత్తాడు.

కామేశం గొడుగు మూసి పెరట్లోనే నిలబడ్డాడు. తుంపర ముఖం మీద పడుతోంది. తుమ్ము రాలేదు. తుమ్మడానికి కూడా కొంత మనశ్శాంతి కావాలి.

"ఏరా, ఇలా ఎన్నాళ్ళనించి పోస్తున్నావు?"

"సేరిన కాణ్ణించీ బాబూ. ఒక్క వాన తప్పలేదు."

"ప్రతిసారీ మొదటి గ్లాసు?"

"నిండుగా."

"గ్లాసు నిండని రోజున?"

"ఉన్నకాడికి తల్లికే. మనకి నిల్లు. మీరు నిల్లని రాస్తారు కదేటి."

కామేశం దిమ్మ అంచున కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదురా?"

"కళ్ళంలో రాశి కొలిసినప్పుడు ఫస్టు కుంచం తల్లికి తియ్యకుండా ఎవుడైనా కొలుస్తాడేటి బాబూ? అది ఎవులూ సెప్పరు. నోటితో సెప్తే లెక్కయిపోద్ది. లెక్కయితే ఇంక తల్లికి పెట్టినట్టేటి?"

"అది ధాన్యంరా! ఇది వాన!"

"ధాన్యం ఏటితోటి పండుద్ది బాబూ?"

దీనికి నిబంధనల పుస్తకంలో సమాధానం లేదు. ఉన్నట్టు కామేశానికి గుర్తులేదు.

ఆ రోజంతా ఆయన రిజిస్టరు ముందేసుకుని లెక్క కట్టాడు. ఏడేళ్ళలో నూకాలమ్మ తల్లికి ముట్టిన వాన దాదాపు మూడు వేల మిల్లీమీటర్లు తేలింది. అంటే పది అడుగులు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే ఇద్దరు గుమస్తాలు మునుగుతారు. వెయ్యి నుంచి ఐదొందలకి పడిపోయిన చోడవరం వాతావరణం మళ్ళీ వెయ్యికొచ్చి, ఏ మార్పూ లేకుండా, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడింది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. విశాలాక్షి దండెం వైపు చూసింది.

"అయితే నా చీరలు తడిగానే ఉన్నట్టన్నమాట."

"అది కాదే! సదస్సు మాటేమిటి? చెప్తే వేదికా ఉండదు, పత్రమూ ఉండదు. పరదేశి ఉద్యోగం కూడా పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. లెక్చరరే కళ్ళారా చూసి పోల్చుకోలేదు. వానకి మాత్రం నష్టమేముంది, అది పడవలసినంతా పడింది కదా?"

"మా అన్నదమ్ములిద్దరూ వస్తున్నామని రాసేరు," అంది విశాలాక్షి. "మీకు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. స్టేజీ మీద లైట్లు కూడా ఉంటాయిట."

కామేశం మూడు రోజులు పరదేశి మీద జాలితో గడిపాడు. పాపం, పిల్లలు గలవాడు, వాడి కోసమైనా నోరు మూసుకోవాలి అనుకున్నాడు. ఈ జాలి ఆయనకి చాలా సుఖంగా ఉంది. అయితే నాలుగో రోజు, వాల్తేరు బస్సులో, గణపతిరావు ఇచ్చిన పత్రం నకలు చివరిదాకా చదివాడు. ఆఖరి పేజీలో సిఫార్సు ఉంది. చోడవరం వానలు సగానికి పడిపోవడానికి కొండవాళ్ళు అడవి నరకడమే కారణమని తేలినందున, వాళ్ళని కట్టెలు తేకుండా ఆపించాలని. మాడుగులలో మోపు దించి సమాధానం చెప్పిన మనిషి గుర్తొచ్చాడు. అడవి తరుగుతున్న మాట నిజమే కావచ్చు. ఆ నేరానికి ఈ రిజిస్టరు మాత్రం సాక్ష్యం కాదు. కింద తన సంతకం ఉంది, గుండ్రంగా, ఏడేళ్ళపాటు, రోజుకొకటి. పరదేశి మీద ఉన్న జాలిలో తన మెడలో పడబోయే దండ వాటా ఎంతో ఆయనకి అప్పుడు తెలిసింది. చాలా ఎక్కువే ఉంది.

హాలు నిండుగా ఉంది. ముందు వరసలో బావమరుదులిద్దరూ ఇస్త్రీ బట్టల్లో కూర్చున్నారు. వాళ్ళ పక్కన విశాలాక్షి. వేదిక వెనక పెద్ద గుడ్డ మీద చోడవరం వానల గీత గీసి కట్టారు. ఆ గీత 1969 జూలై దాకా బుద్ధిగా నడిచి, అక్కణ్ణించి నూతిలో పడ్డట్టు పడింది. పొద్దున్నించి పెద్దలు దాని మీద వాదించుకున్నారు. మనిషి ఎంతటివాడు, ఆకాశాన్ని మార్చగలడా అని ఒకరు. మార్చగలడని ఇంకొకరు. చివరికి అధ్యక్షుడు కామేశం వైపు తిరిగి, "ఏడేళ్ళు ఈ మార్పుని కళ్ళారా చూసినవారు రెండు మాటలు చెప్తారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. చిన్న బావమరిది కూడా కొట్టాడు.

కామేశం లేచాడు. కండువా సర్దుకున్నాడు. చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"మనిషి వల్ల ఆకాశం మారుతుందా మారదా అని పెద్దలు వాదిస్తున్నారు. మారుతుందండి. చోడవరంలో నేను మార్చేను. కళ్ళారా చూశానన్నది మాత్రం తప్పు. ఒక్కనాడూ చూడలేదు."

తర్వాతిదంతా చెప్పాడు. గ్లాసు సంగతి, రాయి సంగతి, నిల్ సంగతి. "మా బంట్రోతు తన పద్ధతి ఏనాడూ తప్పలేదు. స్వయంగా కొలవమని నా పుస్తకంలో ఉంది. నేను కిటికీ దాటలేదు. కొండవాళ్ళు కొట్టిన చెట్ల లెక్క నాకు తెలీదు గాని, ఈ వాన మాత్రం వాళ్ళు తగ్గించలేదు," అని కూర్చున్నాడు.

హాల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వరసా పాకి గోడదాకా వెళ్ళి తిరిగొచ్చింది. పెద్ద బావమరిది డాక్టరు గారు పైకప్పుని పరీక్ష చెయ్యడం మొదలుపెట్టాడు. చిన్నాయన దగ్గాడు. విశాలాక్షి మాత్రం నవ్వలేదు. తమ్ముడి వైపు తిరిగి, "దగ్గు మందు వేసుకోరా" అంది, రెండు వరసలకి వినపడేలా.

గణపతిరావు ముఖం తెల్లబోయింది. కాసేపు గుడ్డ మీది గీతని చూశాడు. తర్వాత తన కాగితాల కట్ట విప్పి, ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. రెండు వందల పన్నెండు మంది. వానలు పోవడానికి కారణం ఎవరంటే రెండు వందల పన్నెండు మందీ ఇంకొకరి వైపు చెయ్యి చూపించారు. అడిగినవాడు కూడా చివరి పేజీలో అదే పని చేశాడు. ఆయన కట్ట అడుగునుంచి ఖాళీ కాగితం తీసుకుని కామేశం కుర్చీ దగ్గరికొచ్చాడు.

"సార్, మీ సమాధానం నేను రాసుకోనేలేదు. ఇప్పుడు రాసుకోవచ్చాండీ?"

"రాసుకోండి."

"కారణం ఎవరు?"

"నేను."

"మీతోపాటు ఇంకెవరైనా?"

కామేశం కొంచెం ఆలోచించాడు. "లేరు," అన్నాడు.

చోడవరం తిరిగొచ్చాక మొదటి వాన మూడో రోజున పడింది. ఎనిమిదిన్నరకి కామేశం గొడుగుతో పెరట్లో ఉన్నాడు. పరదేశి గ్లాసు పట్టుకుని ఎటు నడవాలో తెలియక నిలబడ్డాడు.

"తల్లికి మానెయ్యమంటారేటి బాబూ?"

"మానకు. పొయ్యి. ఎంత పోశావో నువ్వు చెప్పొద్దు, నేను అడగను. కానీ పక్కన నిలబడి చూస్తాను."

"సూత్తే లెక్కయిపోదేటి?"

"నా కళ్ళు, నా ఇష్టం. నీ నోట్లోంచి రాలేదు కదా."

పరదేశి ఈ వాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని ఒప్పుకున్నాడు. "అయితే ఆ రాసీది కొంచెం అటు తిరిగి రాయండి బాబూ. తల్లి సూత్తాది," అన్నాడు.

ఆ విధంగా సెప్టెంబరు నాటికి చోడవరంలో వానలు రెట్టింపయ్యాయి. ఎమర్జెన్సీ పుణ్యమా అని రైళ్ళతోపాటు మబ్బులు కూడా వేళకి వస్తున్నాయని బజార్లో చెప్పుకున్నారు. అసలు కారణం కామేశం చెప్పబోతే ఎవరూ వినిపించుకోలేదు. పడిశం వల్ల మాట స్పష్టంగా రావడం లేదని కూడా అన్నారు.

ఆయన రిజిస్టరులో ఎర్ర సిరాతో, రిమార్కుల గడిలో పట్టేటంత చిన్న అక్షరాలతో రాశాడు: "1969 జూలై మొదలు 1976 ఆగస్టు వరకు ఈ పుస్తకమున చూపిన అనావృష్టికి కారణము దిగువ సంతకము చేసినవాడు." సంతకం చేసి, దాని నకలు పైకి పంపి, ఏం వస్తుందోనని ఎదురుచూశాడు. విశాలాక్షి కూడా ఎదురుచూసింది. పరదేశి అమ్మవారికి ఒక కోడిని మొక్కుకున్నాడు.

అయిదు నెలలకి జవాబొచ్చింది. కవరు చింపి, కామేశం కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. ఉద్యోగం ఉంది, పరదేశిదీ ఉంది. రెండే వాక్యాలు. తమరు పంపిన వివరణ పరిశీలించి దాఖలు పరచడమైనది. ఇకముందు అట్టి అనావృష్టిని పై అధికారుల ముందస్తు అనుమతి లేనిదే కలిగించరాదు.